వంటింటి గడప దిగ్విజయము

అవధరింపుడు, న్యాయస్థానముల వరండాలలో బెంచీలు అరుగునంతకాలము కూర్చుండి, కూర్చుండి, తుదకు "రేపు రండి" అను మంత్రోపదేశముతో ఇల్లు చేరిన ఓ సహనధనులారా! నదులు భూమిని విభజించి విసిగిన పిదప, పర్వతములు అడ్డము పడుకొని అలసిన పిదప, ఆ మహత్కార్యమును తమ భుజస్కంధములపై వేసికొని, ఇనుపగొలుసులు, కొలబద్దలు, మజ్జిగ సీసాలు ధరించి సర్వేయరులు దండు వెడలిన నవీనయుగమున, రెండు రాష్ట్రముల నడుమ వారు గీసిన గీత పొలములు దాటి, మురుగుకాలువ దాటి, ఒక సైకిలు షాపు రేకులకప్పును ఏటవాలుగా ఖండించి, నిరాఘాటముగా సాగి సాగి, ఒకానొక కుట్టుమిషన్ల మెకానిక్కు గృహమున తలుపు తట్టకయే ప్రవేశించెను. ప్రవేశించి, ముందుగదిని ఒక రాష్ట్రమునకును, వంటింటిని వేరొక రాష్ట్రమునకును ధారపోసి, వెనుక సందు గుండా తన దారిన తాను పోయెను.

నాటి నుండి ఆ యింట ముందుగది దీపమునకు ఒక ప్రభుత్వము కరెంటునిచ్చును, వంటింటి కుళాయికి మరియొక ప్రభుత్వము నీటినిచ్చును, అనగా ఇచ్చినప్పుడిచ్చును. రెండు గదుల నడుమనున్న గడపపై బిగించిన రెండు వ్రేళ్ల వెడల్పు ఇత్తడిపట్టీయే సరిహద్దు. దానిపై మూడు తరముల బల్లులు పాస్‌పోర్టు లేక రాకపోకలు సాగించినవి.

అట్టి గృహమునకు, ఒక బుధవారమున, పగలు రెండు గంటలు కొట్టిన వేళ, వెనుక సందులో ఒక ఆటో వచ్చి నిలిచెను. అందుండి అవతరించినది, నాలుగేళ్లుగా సీనియరుగారి ఫైళ్లను మోసి మోసి ఎడమభుజము కుడిభుజముకన్న అంగుళము క్రుంగినదియు, వాయిదాపరంపరాపరిశ్రాంతయు, జిరాక్సుపత్రసహస్రభారవాహినియు, మండుటెండయందును నల్లకోటు విడువని మహావ్రతయు, నేడు తొలిసారిగా తన సొంతకేసున సాక్షిని తానే విచారింప బూని వచ్చినదియునగు జూనియరు లాయరమ్మ.

ఆమె వెనుక, మెడలో కొలతల టేపు తీయుటయు మరచి, దిగిన వనిత ఆమె కక్షిదారు. పిల్లల యూనిఫారములును, తలగడ గలీబులును కుట్టి ఇల్లు నడుపుకొను దర్జీ. ఆమెపై స్వయముగా ఆమె తోడికోడలే దావా వేసియుండెను. "మిషను వాడుకొమ్మని ఇచ్చితిని, తిరిగి ఇప్పింపుడు" అని ఆ తోడికోడలు. "వాడుకొమ్మని కాదు, ఉంచుకొమ్మనియే ఇచ్చినది" అని ఈ దర్జీ. ఆ మాట అనిన నాడు అక్కడ నుండిన మూడవ మనిషి ఈ మెకానిక్కు ఒక్కడే. అతడు నోరు విప్పిన మిషను దర్జీకి దక్కును. విప్పకున్న మిషనుతోపాటు ఆమె యింటి పొయ్యియు చల్లారును. మోకాలి నొప్పితో కోర్టు మెట్లెక్కలేని అతని సాక్ష్యమును ఇంటనే తీసికొని ముగించుటకు న్యాయస్థానము పెట్టిన గడువో, ఈ బుధవారము సాయంకాలము అయిదు గంటలు.

ఇక సాక్ష్యసంగ్రహణశాస్త్రమున రెండే అస్త్రములు కలవని పెద్దల మాట. సాక్షి స్వరాష్ట్రమున నున్నయెడల మన న్యాయస్థానపు సమను చాలును, పిలిచిన రావలసినదే. సాక్షి పరరాష్ట్రమున నున్నయెడల ఆ సమను కేవలము శుభలేఖ. వచ్చిన వచ్చును, లేకున్న లేదు. అప్పుడు మన న్యాయస్థానము ఆ న్యాయస్థానమునకు వినయముతో అభ్యర్థనలేఖ వ్రాయవలెను. ఆ న్యాయస్థానము తన సమను తాను ఇచ్చి, తన ప్రమాణాధికారిచేత ఒట్టు వేయింపవలెను. ఈ రెండవ అస్త్రము గురి తప్పనిదే, కాని చేరుటకు నలువది దినములు పట్టును.

"రెండు రాష్ట్రాల కాగితాలూ వేసి ఉంచమ్మా, ఎందుకైనా మంచిది," అని సీనియరుగారు రెండు మాసముల క్రిందటనే హెచ్చరించియుండెను.

"అక్కర్లేదు సార్. ఆయన్ని వంటింట్లో కూర్చోబెడతాను. వంటిల్లు మనదేగా!" అని యామె పలికియుండెను. సమనుపై సాక్షి సంతకము పెట్టినదియు ఆ వంటింటనే. అయ్యో, యౌవనగర్వమా! మగవాడు వంటింట కూర్చుండుననెడి ఒక్క విశ్వాసముపై సమస్తకేసును నిలిపిన సాహసమా!

వంటింట అప్పటికే సభ తీరియుండెను. ప్రమాణాధికారి, ముప్పదియేండ్లు కోర్టు కొలువున ముద్రలు వేసి వేసి తన మొగమునకు సైతము ఆ గుండ్రదనమునే సంపాదించిన పెద్దమనిషి, ముద్రయు సిరాదిండును మోకాళ్లపై నుంచుకొని స్టూలునెక్కియుండెను. వాది లాయరు గోడనానుకొని, ఇంటి ఇల్లాలు ఇచ్చిన టీని ఊదుచుండెను. గోడ మీద గడియారము రెండుంబావు.

"బాబాయిగారేరీ పిన్నిగారూ?" అని లాయరమ్మ ఆ యిల్లాలినడిగెను.

"అదిగో, పై రాష్ట్రంలో ఉన్నారు," అని ఆమె గరిటెతో చూపెను.

గడపకావల, ముందుగదిలో, వాలుకుర్చీపై, రెండు కాళ్లును చాచి, చేతులు రెండును కట్టుకొని, వార్తాపత్రికను తలక్రిందులుగా పట్టుకొనినను గమనింపనంతటి కోపముతో, సాక్షి విరాజిల్లుచుండెను.

"బాబాయిగారూ, రండి. అంతా సిద్ధం. పది నిమిషాల పని."

"నేను రాను తల్లీ."

"అదేంటండీ!"

"శనివారం ఒట్టేసుకున్నాను. ఆ వంటింటి గడప తొక్కను. నువ్వు పిలిచినా, నీ జడ్జిగారు పిలిచినా సరే."

కారణమడుగగా ఆ వృద్ధవీరుడు పత్రికను విసరికొట్టి లేచి నిలుచుండెను. "నలభై ఏళ్లు మిషన్లు బాగుచేశానమ్మా. చుట్టుపక్కల నాలుగూళ్లలో నా చెయ్యి పడని మిషను లేదు. అలాంటిది, నా ఇంట్లో మిషను పాడైతే ఆవిడ దాన్ని రిక్షాలో ఎక్కించుకుని బజార్లో ఎవడి దగ్గరికో పట్టుకెళ్లింది! రిక్షాలో! అందరూ చూస్తుండగా! నా పరువేం కావాలి?"

"ఎనిమిది నెలలు అడిగాను లాయరమ్మా," అని వంటింటి నుండి ప్రత్యస్త్రము వెలువడెను. "రేపు చూస్తా, రేపు చూస్తా అన్నారు. ఊళ్లో మిషన్లన్నిటికీ వైద్యం, ఇంట్లో మిషనుకి వాయిదాలు!"

వాయిదా యను మాట చెవినిబడగానే లాయరులిద్దరును ఏకకాలమున తలలు వంచుకొనిరి.

"మరి భోజనం ఎలాగండీ?"

"కంచం గడప దాకా తోస్తాను. తిని ఇటు తోస్తారు. ఎగుమతి, దిగుమతి. మాటల్లేవు."

అంతట లాయరమ్మ నేత్రముల ఎదుట ఆ ఇత్తడిపట్టీ క్రమక్రమముగా పెరిగి, పెరిగి, అలంఘ్యదుర్గప్రాకారమై నిలిచినట్లు తోచెను. అయినను ధైర్యము విడువక ఆమె ప్రమాణాధికారి వంక తిరిగెను. "సార్, మనమే ఆ గదిలోకి వెళ్దాం. నాలుగడుగులేగా."

ప్రమాణాధికారి సిరాదిండు మూత భద్రముగా మూసెను. "చూడమ్మా. నా అధికారం ఆ పట్టీ దాకా. అది దాటి ప్రమాణం చేయించాననుకో, నేను ప్రమాణాధికారిని కాదు, చూడ్డానికొచ్చిన చుట్టాన్ని. ఈ ముద్ర అక్కడ ఉత్త రబ్బరు."

"రెండు పక్షాలూ ఒప్పుకుంటే ఎక్కడైనా తీసుకోవచ్చు కదా సార్!"

"ఒప్పుకుంటే తీసుకోవచ్చు."

అందరును వాది లాయరు వంక చూచిరి. అతడు టీకప్పు అడుగుభాగమును పరిశీలించి, "నేనెందుకు ఒప్పుకుంటానమ్మా? పొద్దున్నే మంచం దిగి ఇంత దూరం వచ్చింది ఒప్పుకోవడానికా?" అని మృదువుగా పలికెను.

"పోనీ, ఆయన అక్కడ కూర్చుని గట్టిగా చెప్తారు. మనం ఇక్కడ రాసుకుందాం. మాట ఇటు వస్తుందిగా!"

"మాట వస్తుంది. నాలుక అక్కడే ఉంటుంది," అనెను వాది లాయరు. "ఒట్టు నాలుకది."

"ఫోన్‌లో వీడియో పెడితే?"

"వీడియోలోనూ ఆయన అక్కడే కూర్చుని ఉంటాడు కదమ్మా," అని ప్రమాణాధికారి జాలిపడెను.

ఈ విధముగా నియమశాస్త్రమున నామె ప్రయోగించిన శరములన్నియు శత్రువక్షమున తగులుటకు ముందే టీకప్పున మునిగి చల్లారెను. గడియారము మూడు దాటెను. అప్పుడామె శాస్త్రము విడిచి దౌత్యమునకు పూనుకొనెను. నల్లకోటు చేతులు పైకి మడిచి, ఇటు నుండి అటు, అటు నుండి ఇటు, సరిహద్దును ఇరువదిమారులు దాటి, ఏ రాష్ట్రమునను అధికారపత్రము లేని రాయబారిగా తిరిగెను.

"పిన్నిగారూ, ఒక్కసారి 'పొరపాటైంది' అనేయండి. మాటేగా, పోయేదేముంది?"

"నేనా? పాడైన మిషను బాగుచేయించుకున్నందుకా? ఆయన్నే అనమను, ఎనిమిది నెలల పొరపాటు!"

"బాబాయిగారూ, పాపం ఈ అక్క మిషను పోతుందండీ. మీ ఒక్క మాట మీదే ఉంది."

ఆ మాటకు మాత్రము వృద్ధుని మొగము మెత్తబడెను. అతడు గడప దాకా వచ్చెను. పట్టీని చూచెను. ఆవల పొయ్యి యొద్ద వెన్ను చూపి నిలిచిన భార్యను చూచెను. "తెలుసు తల్లీ. ఆ మిషను నాకు తెలుసు, మంచి మిషను. ఈ అమ్మాయీ తెలుసు. కానీ ఒట్టు ఒట్టే. ఒట్టు తప్పినవాడి సాక్ష్యం రేపు ఎవరైనా నమ్ముతారా?"

ఇది విని వాది లాయరు సైతము "అది పాయింటే," అని తలయూపెను.

నాలుగు గంటల పది నిమిషములాయెను. లాయరమ్మ వంటింటి గట్టుపై కూలబడి, సీనియరుగారికి ఏమని ఫోను చేయవలెనా యని ఆలోచించుచుండెను. ఆ ఫోను సంభాషణ ఆమె హృదయమున అప్పుడే వినిపించుచుండెను. అందలి ప్రతి వాక్యమును "నేను చెప్పలేదా" యనియే ఆరంభమగుచుండెను. తన కక్షిదారు వంక చూచుటకు ఆమెకు మొగము చెల్లలేదు.

ఆ కక్షిదారో, అంతవరకు ఒక మూల నిలుచుండి ఒక్క మాటయు ఆడని ఆ దర్జీ, కిటికీ ప్రక్కనున్న మిషను వంకయే చూచుచుండెను. ఈ ఆలుమగల కలహమునకు మూలమై, రిక్షా యెక్కి బజారు చూచి వచ్చిన మిషను అదియే.

"పిన్నీ, ఒకసారి తొక్కి చూడనా?" అని ఆమె అడిగెను.

"తొక్కమ్మా. నాకైతే ఏదో తేడాగానే ఉంది," అని ఇల్లాలు గొంతు తగ్గించి పలికెను.

దర్జీ కూర్చుండెను. ఒక గుడ్డముక్కను మిషను సూదిపాదము క్రింద నుంచెను. తొక్కెను.

ఏమి చెప్పుదును ఆ ధ్వని! టక్కుమని ఒక దెబ్బ, దాని వెంట కర్రుమని ఒక ఏడ్పు, మరల టక్కు. అది మామూలు చెవికి మిషను చప్పుడు. కాని నలువదియేండ్లు యంత్రగర్భమున చెవినుంచి బ్రదికిన వాని కర్ణపుటములకు అది నిస్సహాయయైన ప్రాణి యాక్రోశము. ముందుగదిలో వాలుకుర్చీ కిర్రుమనెను.

దర్జీ గుడ్డముక్కను పైకెత్తి వెలుతురున చూచెను. అయిదు కుట్లకు రెండు తప్పియుండెను. ఆమె ఒక క్షణము ఆలోచించెను. పిమ్మట, గడపకావలకు చక్కగా వినవచ్చునట్లు, మిక్కిలి సాధువుగా, ఈ బ్రహ్మాస్త్రమును సంధించి విడిచెను.

"పర్లేదు పిన్నీ. బజారు మెకానిక్కు బాగానే చేశాడే!"

 ప్రమాణాధికారి టీ గుటక గొంతున నిలిచిపోయెను.

"బాగానే చేశాడా?" అని పరరాష్ట్రము గర్జించెను. "ఎవడు? ఏం చేశాడు? సూదిని పట్టే బారుని కిందికి దింపేశాడు వెధవ! కింద దారం షటిల్‌కి తగులుతోంది, వినబడ్డంలా? టక్కు టక్కుమంటుంటే బాగానే చేశాడంటావా? నా దగ్గర మూడేళ్లు మిషను బాగుచేయించుకున్నదానివి, నువ్వా ఈ మాట అనేది?"

"ఏమో బాబాయ్, నాకు బాగానే ఉంది," అని దర్జీ మరల త్రొక్కెను. టక్కు.

"తొక్కకు! తొక్కకు, విరిగిపోతుంది! లే! లే అక్కణ్ణుంచి!"

ఒక చేత స్క్రూడ్రైవరు, ఒక చేత కళ్లజోడు, పంచె చెంగు గాలిలో, ఆ ధీరోదాత్తుడు వాలుకుర్చీ నుండి ఎప్పుడు లేచెనో, ముందుగది ఎప్పుడు దాటెనో కన్నవారు లేరు. ఇత్తడిపట్టీని దాటునప్పుడు దాని వంక చూడనైన చూడలేదు. ఒక రాష్ట్రము వెనుకబడెను. ఒక రాష్ట్రము ఎదురువచ్చెను. శనివారము నాటి ఒట్టు నడుమ నెక్కడనో జారిపోయెను. అతడు మిషను యెదుట మోకాళ్లపై వ్రాలి, చెంపను దాని కడుపునకానించి, "ఏం చేశాడే నిన్ను?" అని మెల్లగా అడిగెను.

ఇప్పుడు, సహనధనులారా, లాయరమ్మ గుండె ఆగిన క్షణమిది. ఏలయన నాలుగు దినములుగా కంచములు తోయుచున్న ఆ యిల్లాలు, గరిటె చేతబట్టి, భర్త వెనుక నిలిచి, ఊపిరి నిండుగా పీల్చుకొనుచుండెను. "గడప తొక్కనన్నారుగా!" యను ఒక్క మాట ఆమె నాలుకపై సిద్ధముగా నుండెను. నలువది సంవత్సరముల కాపురమున అంతటి అవకాశము అంత చక్కగా వడ్డింపబడినది ఎన్నడును లేదు. ఆ మాట వెలువడెనా, అతడు లేచి, మరల ఆవలి రాష్ట్రమునకు, ఈసారి జన్మాంతము వరకు వెడలిపోవును.

ఇల్లాలు తన చెంత కన్నార్పక నిలిచిన దర్జీని చూచెను. పీల్చిన ఊపిరిని మెల్లగా విడిచెను.

"లైటు వేయనా?" అని భర్తనడిగెను.

"వేయి," అనెను భర్త.

ఇంతకుమించిన సంధిపత్రము ఏ రాజ్యముల నడుమను వ్రాయబడియుండదు. ఆమె దీపము వేసి, ఒక పీటను అతని క్రిందికి జరిపెను. అతడు చూడకయే కూర్చుండెను.

"సార్! ప్రమాణం!" అని లాయరమ్మ కేక వేసెను. గడియారము నాలుగున్నర.

ప్రమాణాధికారి లేచునంతలో వాది లాయరు ముందునకు వచ్చి, ఒక వ్రేలు పైకెత్తి, గంభీరస్వరమున ఇట్లు వ్రాయించెను. "రికార్డులో రాసుకోండి. సాక్షి మొండెం, తల, రెండు చేతులు, కుడికాలు ఈ న్యాయస్థానం పరిధిలో ఉన్నవి. ఎడమకాలు మాత్రం గడప అవతల, పొరుగు రాష్ట్రంలో ఉన్నది. పాక్షికంగా హాజరైన సాక్షి సాక్ష్యం చెల్లదని నా అభ్యంతరం."

చూడగా నిజమే. మోకాలి నొప్పి వలన ఎడమకాలిని వెనుకకు చాచి కూర్చుండుట అతని వృత్తిధర్మము, వంటిల్లేమో ఇరుకు. మడమ పట్టీకి ఆవలనుండెను.

దర్జీ మెడలోని టేపు తీసి నేలపై పరచెను. "పట్టీ నుంచి మడమ దాకా ఆరంగుళాలండీ."

"బాబాయిగారూ, కొంచెం ముందుకి జరుగుతారా?"

"జరిగితే సూది కనబడదు."

అప్పుడు లాయరమ్మయు, దర్జీయు, ఇల్లాలును ముగ్గురును కలిసి, మిషనునే కిటికీ వైపునకు జరుప యత్నించిరి. పాత ఇనుపకాళ్ల మిషను, కదలలేదు. మరల నెత్తిరి. ప్రమాణాధికారి తన పదవీగౌరవమును ఒక నిమిషము స్టూలుపై నుంచి, ఒక చేయి వేసెను. మిషను జానెడు జరిగెను. దాని వెంట పీట జరిగెను. పీట వెంట సాక్షి జరిగెను. సాక్షి వెంట, అందరికన్న చివర, ఎడమకాలు స్వరాష్ట్రప్రవేశము గావించెను.

"ఇప్పుడు?" అని లాయరమ్మ రొప్పుచు అడిగెను.

వాది లాయరు వంగి చూచి, లేచి, "ఇప్పుడు సరే," అనెను.

"స్క్రూడ్రైవరు కింద పెట్టి ప్రమాణం చేయండి," అని ప్రమాణాధికారి పలికెను.

"ఇది చేతిలో ఉంటేనే నాకు అబద్ధం రాదు సార్."

ప్రమాణాధికారి తన స్మృతిలోని నియమములన్నిటిని మొదటి నుండి చివర వరకు తిరుగవేసెను. స్క్రూడ్రైవరును నిషేధించు నియమము కనబడలేదు. ప్రమాణము జరిగెను.

"మూడేళ్ల కిందట, మీ షాపులో, వాది ఏమన్నారు?" అని లాయరమ్మ అడిగెను. 

సాక్షి సూది బారు మర వదులు చేయుచు బదులిచ్చెను. "ఇద్దరు తోడికోడళ్లూ కలిసే తెచ్చారమ్మా ఆ మిషను. బాగుచేయొచ్చు, బంగారంలాంటి మిషనని చెప్పాను. ఆ పెద్దావిడ ఈ అమ్మాయితో, 'ఈ తుక్కు నాకెందుకే, బాగుచేయించుకుని నువ్వే ఉంచుకో, మళ్లీ నా ఇంటికి మాత్రం తేకు' అంది."

వాది లాయరు ప్రశ్నించెను. "మూడేళ్ల నాటి మాట ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందండీ? శనివారం ఒట్టే మీకు ఇప్పుడు గుర్తులేదు కదా!"

 సాక్షి కళ్లజోడు పైకి తోసికొని అతని వంక చూచెను. "బాబూ, మనుషుల మీద కోపంతో నేనన్న మాటలు నాకే గుర్తుండవు. మిషన్ని ఎవరైనా తిడితే మాత్రం మర్చిపోను. ఆవిడ దాన్ని తుక్కు అంది. ఆ రోజు నేను అన్నం సరిగ్గా తినలేదు."

"నిజమే," అనెను పొయ్యి యొద్ద నుండి ఇల్లాలు. "తినలేదు. నాకూ గుర్తే."

"మీరు సాక్షి కాదండీ," అని వాది లాయరు అనెను. కాని ఆ పలుకులో పోరు లేదు. అతడు మరి రెండు ప్రశ్నలకై కాగితములు తిరుగవేసి, వేసి, మడిచి సంచీలో పెట్టెను.

నాలుగు గంటల యేబది రెండు నిమిషములకు సాక్షి, సిరాతోపాటు మిషను నూనెయు అంటిన వ్రేళ్లతో, సంతకము చేసెను. "స్థలము" అను చోట ప్రమాణాధికారి "సాక్షి గృహము, వంటిల్లు" అని వ్రాసి, ముద్ర వేసి, సిరా ఆరుటకై నోటితో ఊదెను.

గుమ్మము దాటుచు వాది లాయరు ఆగెను. "అమ్మాయ్, ఇంటికెళ్లి మావాళ్లకి చెప్తాను. ఆ మిషన్ని తుక్కు అన్నాక మళ్లీ కావాలనడం బాగోదని. దావా వెనక్కి తీసుకోమంటాను. వినకపోతే ఈయన్ని కోర్టుకి కూడా పిలిచేలా ఉన్నావు నువ్వు!"

దర్జీ, మరల మెడలో వేసికొనిన టేపును రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, కిటికీ వైపునకు తిరిగి నిలుచుండెను. లాయరమ్మ చూడనట్లు నటించి ఫైలు సర్దుకొనెను.

కావున, చతుస్సముద్రవేలావలయితభూమండలమున వీనులున్నవారెల్లరును వినుడు! ఆ బుధవారమున, రెండు రాష్ట్రముల శాసనములు, ముగ్గురు న్యాయకోవిదులు, ఒక ముద్ర, ఒక అభ్యంతరము, ఏడు కప్పుల టీ వినియోగింపబడిన ఆ ఘోరసంగ్రామాంతమున, ఒక మగవాడు తన సొంతయింట ముందుగది నుండి వంటింటికి వచ్చెను. ఒక ఎడమకాలు ఆరంగుళములు జరిగెను. తత్ఫలితముగా, ఊరి ఆ చివర, ఒక చిన్న యింటి కిటికీ ప్రక్కన, సగము కుట్టిన యూనిఫారమును తన సూదిపాదము క్రింద నుంచుకొని యున్న ఒక కుట్టుమిషను, ఉన్నచోటనే ఉండిపోయెను!